బరువుగా ఉండాలి, పారాలి కూడా: గ్యాస్ బావిలో బురద కథ

ఈ ఎపిసోడ్‌లో బురద గురించి మాట్లాడుకుందాం. చేలో బురద కాదండి, గ్యాస్ బావి తవ్వేటప్పుడు అందులో పంపే బురద. డ్రిల్లింగ్ మడ్ అంటారు.

కోనసీమ వాళ్ళు 1995 జనవరి 8ని మర్చిపోలేరు. పాశర్లపూడి బావిలోంచి గ్యాస్ తన్నుకొచ్చి అంటుకుంది. ఆ మంట ఆరడానికి 65 రోజులు పట్టింది. నేలలోపల గ్యాస్ ఎంత బలంగా తోస్తుందో అందరూ చూశారు. మామూలుగా ఆ తోపుకి మొదటి కాపలా ఈ మడ్డే. బావి నిండా నిలబడి, తన బరువుతో గ్యాస్‌ని కిందే నొక్కి ఉంచుతుంది.

బరువు కోసం ఇందులో బెరైట్ పొడి కలుపుతారు. మన రాయలసీమలో, మంగంపేటలో దొరికే రాయే. నీటికన్నా సుమారు 4.2 రెట్లు బరువు. చిక్కేమిటంటే, పొడి పెరిగేకొద్దీ మడ్ గట్టిపడి పంపుకి లొంగదు. నీళ్ళు పోసి పలచన చేస్తే బరువు పోతుంది. మరెలా?

ఒక గంపలో కొబ్బరికాయలు పోయండి. ఎంత సర్దినా సందులు మిగులుతాయి. ఒకే సైజు గుండ్లు ఎలాపడితే అలా పోస్తే దాదాపు 64 శాతం చోటే నిండుతుంది. ఆ సందుల్లోకి వక్కలు పోయండి. గంప పొంగదు, సరుకు మాత్రం పెరిగింది. మడ్‌లోనూ ఇంతే. పొడి మొత్తం మారకపోయినా, పెద్ద రేణువుల సందుల్లో చిన్నవి సర్దుకుంటే అన్నిటికీ కదలడానికి చోటు మిగులుతుంది. అందుకే ఒకే సైజు పొడికన్నా సైజులు కలిసిన పొడి తేలిగ్గా పారుతుంది.

అలాగని మరీ మెత్తగా నూరితే కథ అడ్డం తిరుగుతుంది. మైక్రాన్‌కన్నా చిన్న రేణువులు, అంటే కొల్లాయిడ్లు, ఒకదాన్నొకటి అంటుకుని గుంపు కడతాయి. మడ్ బిగుస్తుంది. అలాగని అవి అసలు లేకపోయినా కష్టమే. పంపు ఆగినప్పుడు బెరైట్ అడుక్కి దిగకుండా పట్టేది బెంటోనైట్ బంకమట్టిలోని ఆ సన్న రేణువులే.

అందుకే అమెరికన్ పెట్రోలియం ఇన్‌స్టిట్యూట్ ప్రమాణం బెరైట్‌కి రెండు వైపులా గీత గీసింది. 75 మైక్రాన్లు దాటిన ముతక 3 శాతం, 6 మైక్రాన్ల లోపు మెత్తన 30 శాతం మించకూడదు.

రాజోలు వైపు ఎక్కడైనా రిగ్గు కనిపిస్తే గుర్తుచేసుకోండి. అక్కడ ఎన్ని బస్తాల పొడి కలిపారన్నదే కాదు, అందులో ఏ సైజు ఎంత ఉందన్నది కూడా ఊరి భద్రత లెక్కే. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం, ఉంటానండి.