రెండు సగాల పాట

పాశ్చాత్య లలితసంగీతంలో 'పవర్ బాలడ్' అని ఒక తరగతి పాట ఉన్నది. ప్రేమయో, వియోగమో సాధారణంగా దాని వస్తువు. అది ఒకటి రెండు వాద్యాల తోడుతో, మాటాడినంత మెల్లగా ఆరంభమగును. క్రమంగా డ్రములు, తంత్రీవాద్యాలు, విద్యుత్ గిటార్లు వచ్చి చేరును. తుదకు గాయకుని గొంతు తారస్థాయి నందుకొని, అంతవరకు అణచుకొన్న దుఃఖమంతా కట్ట తెగినట్లు పొరలివచ్చును. గత శతాబ్దపు చివరి మూడు దశాబ్దాలలో అమెరికాలోను, ఐరోపాలోను ఈ బాణీకి ఎంతో ఆదరణ లభించినది. ఈ తరగతికి ఆద్యములైన పాటలను లెక్కించునపుడు తరచుగా వినవచ్చే పేరు 'వితౌట్ యూ'. 'నీవు లేక' అని దాని అర్థం. ఆ పాట పుట్టుకను, అది పొందిన వైభవాన్ని, దానిని కట్టినవారికి దక్కిన ఫలాన్ని శ్రోతలకు నివేదింపదలచినాము.

మన పాటలో పల్లవి ముందు వచ్చును. చరణం ఎంత దూరం పోయినా తిరిగి పల్లవి గుమ్మానికే చేరును. ఆంగ్లగీతాలలో తరచుగా కట్టడి వేరు. చరణం ముందు వచ్చి సంగతి చెప్పును. 'కోరస్' అనబడే పల్లవి తరువాత వచ్చి, చరణం మోయలేని భారాన్ని తానెత్తుకొనును. చరణం తిన్నగా నడవనిదే పల్లవికి బలం లేదు. పల్లవి లేనిదే చరణానికి గమ్యం లేదు. 'వితౌట్ యూ'లోని విశేషమేమనగా, ఇందులో చరణం ఒకరిది, పల్లవి మరొకరిది.

వేల్స్ దేశంలోని స్వాన్సీ పట్టణంలో 1960 తరువాతి సంవత్సరాలలో 'ఐవీస్' అనే వాద్యబృందం ఒకటి వెలసినది. 1968లో బీటిల్స్ గాయకులు నెలకొల్పిన ఆపిల్ రికార్డుల సంస్థ ఈ బృందాన్ని తనలో చేర్చుకొన్నది. మరుసటి సంవత్సరం బృందం 'బ్యాడ్‌ఫింగర్' అని పేరు మార్చుకొన్నది. ఇందులో పీట్ హామ్ స్వాన్సీవాడు; టామ్ ఎవాన్స్ లివర్‌పూల్ నుండి వచ్చినవాడు. ఇద్దరూ పాడగలవారే, పాటలు కట్టగలవారే. లండనులో బృందమంతా ఒకే ఇంట నివసించేది.

హామ్ వద్ద ఒక అసంపూర్ణ గీతం ఉండేది. ఒక సాయంకాలం ప్రియురాలితో గడుపవలసి ఉండగా పాట పని అడ్డు తగిలినదనీ, ఆ సందర్భమే దానికి బీజమనీ చెప్పుదురు. చరణం చక్కగా కుదిరినది గాని, దాని పల్లవి ఎవరికీ తృప్తి నీయలేదు. ఎవాన్స్ వద్ద సూటిగా గుండెకు తాకే పల్లవి ఒకటి ఉండేది. దానికి తగిన చరణం లేదు. ఆ రెండు సగాలను చేర్చి ఒక పాటగా కుట్టినారు. 1970లో వెలువడిన 'నో డైస్' అనే ఆల్బంలో అది మొదటి ముఖాన చివరి పాటగా చేరినది. కట్టినవారికే అది గొప్ప పాట అని తోచినట్లు లేదు. ఇంగ్లండులోను, అమెరికాలోను దానిని విడి రికార్డుగా విడుదల చేయనే లేదు.

ఆ పాటను మరుగున పడనీయక పైకి తెచ్చినవాడు అమెరికా గాయకుడు హ్యారీ నిల్సన్. బ్రూక్లిన్‌లో పుట్టిన ఈయన స్వయంగా పాటలు వ్రాయగల దిట్ట. కచేరీ వేదికల మీద పాడుట మాత్రం దాదాపు లేనేలేదు. ఈయన గొంతున లోకం ఎక్కువగా ఎరిగిన పాటలు రెండు, రెండూ ఇతరులు వ్రాసినవే కావడం ఒక విచిత్రం. 1971లో నిల్సన్ ఈ పాటను వినినప్పుడు అది బీటిల్స్ పాటయే అనుకొన్నాడట. అసలు సంగతి తెలిసిన తరువాత నిర్మాత రిచర్డ్ పెర్రీతో కలిసి లండనులోని ట్రైడెంట్ స్టూడియోలో దానిని తిరిగి రికార్డు చేసినాడు. పియానో గ్యారీ రైట్, బేస్ గిటార్ క్లౌస్ ఫోర్మన్, డ్రములు జిమ్ కెల్ట్‌నర్ వాయించినారు. తంత్రీవాద్యాల కూర్పు పాల్ బక్‌మాస్టర్‌ది.

ఈ రెండు రికార్డులను ఒకదాని వెంట ఒకటి వినువారికి ఒక పాఠం బోధపడును. బ్యాడ్‌ఫింగర్ పాడినప్పుడు అది నలుగురు మిత్రులు కూడి వాయించిన గిటారు పాట. దుఃఖం ఉన్నది గాని అది పదిమంది నడుమ పంచుకొన్న దుఃఖం. నిల్సన్ రికార్డులో మొదట పియానో, దానిపై ఒంటరి గొంతు. మొదటి చరణమంతా ఆ గొంతు తనను తాను నిగ్రహించుకొన్నట్లే నడచును. పల్లవి తొలిసారి వచ్చినప్పుడు కూడ కిందిస్థాయిలోనే పలుకును. అదే పల్లవి తిరిగి వచ్చినప్పుడు, అవే మాటలను గాయకుడు ఒక స్థాయి పైకెత్తి పాడును. మాట మారలేదు, వరుస మారలేదు; స్థాయి ఒక్కటే మారినది. మనిషి నిబ్బరంగా చెప్పుకొన్న మాటయే కొంతసేపటికి ఆపుకోలేని ఏడుపు కాగలదని ఆ ఒక్క మార్పు చెప్పును. అంత మెల్లని పాటకు వెనుక అంత బరువైన తాళం వేయుట ఆనాటికి కొత్త. తరువాతి పాతికేళ్లలో వచ్చిన పవర్ బాలడ్‌లలో అనేకం ఈ మార్గాననే నడచినవి.

1972 ఫిబ్రవరిలో ఈ రికార్డు అమెరికాలో ప్రథమస్థానానికి చేరి నాలుగు వారాలు నిలిచినది. మార్చిలో బ్రిటనులోనూ ప్రథమస్థానమే, అక్కడ ఐదు వారాలు. నిల్సన్‌కు ఉత్తమ పురుష పాప్ గాయకునిగా గ్రామీ బహుమానం వచ్చినది. హామ్, ఎవాన్స్‌లకు 1973లో బ్రిటిషు గీతకర్తల గౌరవమైన ఐవర్ నోవెల్లో బహుమానం లభించినది. 1994లో మరయా కేరీ నిల్సన్ బాటనే అనుసరించి పాడగా, బ్రిటనులో పాట మళ్లీ ప్రథమస్థానం చేరినది. ఆ రికార్డు అమెరికాలో వెలువడిన జనవరి నెలలోనే, దానికి కొద్ది దినాల ముందు, నిల్సన్ కన్నుమూసినాడు. ఈ పాటను రికార్డు చేసిన గాయకుల సంఖ్య వంద దాటినది.

ఇంత ఆదరణ పొందిన పాట, దానిని కట్టిన ఇద్దరి ఇళ్లలో దీపం నిలుపలేకపోయినది. బృందం 1970లోనే తన ఆర్థిక వ్యవహారాలన్నీ ఒక అమెరికా మేనేజరు చేతిలో పెట్టినది. రాబడి ఆయన నడిపే సంస్థకు పోవును. కళాకారులకు నెలజీతం వంటి పైకం వచ్చును. 1974 నాటికి కొత్త రికార్డు సంస్థ ఇచ్చిన ముందస్తు సొమ్ము ఏమైనదో తెలియక వ్యవహారం న్యాయస్థానానికెక్కినది. అమ్మకానికి వచ్చిన ఆల్బం అంగళ్ల నుండి వెనుకకు పోయినది. 1975 ఏప్రిల్‌లో పీట్ హామ్ తన ప్రాణం తానే తీసుకొన్నాడు. అప్పటికాయనకు 27 ఏళ్లు. మరుసటి నెలలో ఆయనకు కుమార్తె జన్మించినది. టామ్ ఎవాన్స్ తరువాతి సంవత్సరాలన్నీ వ్యాజ్యాలతోను, ఈ పాట రాబడిలో ఎవరి వంతు ఎంత అనే తగవులతోను గడిపి, 1983 నవంబరులో, 36 ఏళ్ల వయస్సున, మిత్రుని దారినే పోయినాడు.

ఈ మరణాలను పాటలోని వియోగానికి ముడిపెట్టి, కవి తన గతిని ముందే పాడుకొన్నాడని చెప్పే కథలు ప్రచారంలో ఉన్నవి. ఆ కథలకు మేము సమ్మతింపము. పాట వారిని బలిగొనలేదు. పాట ప్రేమికుల గురించి వ్రాసినది. వారిని కుంగదీసినవి చదువకుండా సంతకం చేసిన ఒప్పందాలు, అందని లెక్కలు, తీరని బాకీలు. విషాదాన్ని విధికి అంటగట్టినచో, లెక్క చెప్పవలసినవారు చెప్పకుండానే తప్పుకొందురు. అటువంటి కష్టంలో ఉన్నవారు మన ఇరుగుపొరుగున ఉన్నచో వారిని ఒంటరిగా విడువక పలుకరించుట, వైద్యసహాయానికి తోడు పోవుట మన విధి.

రచయితకు తన పాట ఫలం తనకు చేరవలెననే న్యాయాన్ని లోకం ఆలస్యంగానైనా గుర్తించుచున్నది. మన దేశంలో 2012లో కాపీరైటు చట్టానికి జరిగిన సవరణ, సినిమా పాటల రచయితలూ స్వరకర్తలూ తమ రాయల్టీ హక్కును పూర్తిగా వదులుకొనే ఒప్పందాలు చెల్లవని విధించినది. చట్టం కాగితం మీద ఉండుట ఒక ఎత్తు. వ్రాసినవాడు దానిని ఎరిగి, సంతకానికి ముందు అడిగి తెలుసుకొనుట మరొక ఎత్తు.

రేడియోలో పాటకు ముందు గాయకుని పేరుతో పాటు రచయిత పేరు, సంగీతం కూర్చినవారి పేరు చెప్పుట మా వాడుక. అప్పుడప్పుడు శ్రోతలు విసుగుకొందురు: పేర్లెందుకు, పాట వేయరాదా అని. 'వితౌట్ యూ' విన్న కోట్ల మందిలో అనేకులు అది నిల్సన్ పాట అనియే, వారి బిడ్డలు మరయా కేరీ పాట అనియే ఎరుగుదురు. గొంతు వారిదే, అందులో సందేహం లేదు. ఆ గొంతులు లేకున్న పాట ఇంత దూరం రాకపోవును. కాని చరణం స్వాన్సీవానిది, పల్లవి లివర్‌పూల్‌వానిది. 2013లో స్వాన్సీ పట్టణం హామ్ పేరిట ఒక నీలిఫలకాన్ని గోడకు అమర్చినది. గోడ మీది పేరు ఆ వీధిన పోయేవారికే కనబడును. గాలిలో పలికిన పేరు ఇల్లిల్లూ చేరును. ఇకపై మీ రేడియోలో పాటకు ముందు మూడు పేర్లు వినబడినప్పుడు, ఆ కొద్ది క్షణాలు ఓపికపట్టి వినవలెనని శ్రోతలను కోరుచున్నాము.