పదెకరాల జ్ఞాపకం

(స్వర్ణోత్సవ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)

 

అమెరికా జీవితం గురించి పది నిమిషాలు మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. అక్కడి ఉద్యోగాలు, వీసాలు, ఇళ్ల ధరల సంగతులు మీకు వాట్సాప్‌లో రోజూ అందుతూనే ఉన్నాయి. నేను ఇరవై ఏళ్లుగా ఉంటున్న హ్యూస్టన్ నగరంలో ఒక పార్కు ఉంది. పేరు ఎమాన్సిపేషన్ పార్కు, అంటే విముక్తి పార్కు. ఈ పది నిమిషాలూ దానికే ఇస్తాను.

మన సోషల్ పరీక్షలో ఒక మార్కు ప్రశ్న ఉండేది. అమెరికాలో బానిసత్వాన్ని రద్దు చేసినది ఎవరు? అబ్రహాం లింకన్ అని రాస్తే మార్కు పడేది. లింకన్ ప్రకటన అమల్లోకి వచ్చింది 1863 జనవరి 1న. కానీ టెక్సాస్ అప్పుడు తిరుగుబాటు చేసిన దక్షిణాది రాష్ట్రాల పక్షాన ఉంది. అక్కడ ఆ ప్రకటనను అమలు చేసేవాళ్లు లేరు. అంతర్యుద్ధం ముగిశాక, 1865 జూన్ 19న జనరల్ గోర్డన్ గ్రేంజర్ హ్యూస్టన్‌కు దగ్గర్లోని గాల్వెస్టన్ రేవులో, బానిసలందరూ స్వతంత్రులేనని ఉత్తర్వు వెలువరించాడు. అప్పటికి టెక్సాస్‌లో సుమారు రెండున్నర లక్షల మంది బానిసలున్నారు. ప్రకటనకూ వాళ్ల విడుదలకూ మధ్య రెండున్నరేళ్లు గడిచాయి. మన ఒక మార్కు జవాబులో ఆ రెండున్నరేళ్లు లేవు.

మరుసటి ఏడాది నుంచే వాళ్లు జూన్ 19ని పండగ చేసుకున్నారు. జూన్, నైన్టీంత్ కలిసి జనం నోట్లో 'జూన్‌టీంత్' అయింది. అయితే పండగ చేసుకోవాలంటే చోటు కావాలి కదా. నల్లవాళ్లు పదిమంది గుమిగూడితే సహించని రోజులవి. 1872లో రెవరెండ్ జాక్ యేట్స్, మరికొందరు పెద్దలు ముందు నిలబడి, రెండు చర్చిల సభ్యుల దగ్గర చందాలు పోగుచేశారు. సుమారు వెయ్యి డాలర్లతో పదెకరాల నేల కొన్నారు. యేట్స్ కూడా ఒకప్పుడు బానిసే. ఒక్కసారి ఆలోచించండి. ఏడేళ్ల కిందటి దాకా తమ ఒంటి మీద తమకే హక్కు లేని మనుషులు, మొదటి సంపాదనలోంచి డబ్బు మిగిల్చి, అందరికీ కలిపి కొన్నది పండగ చేసుకునే మైదానం!

తర్వాత ఆ పార్కును నగరానికి అప్పగించారు. 1922 నుంచి 1940 వరకు హ్యూస్టన్‌లో నల్లజాతివాళ్లు అడుగుపెట్టగలిగిన పబ్లిక్ పార్కు అదొక్కటే. ఇంకో విచిత్రం వినండి. ఆ పార్కు ముందు వీధికి చాలాకాలం డౌలింగ్ స్ట్రీట్ అని పేరు. డౌలింగ్ అంతర్యుద్ధంలో బానిసత్వాన్ని నిలబెట్టే పక్షాన పోరాడిన సైనికాధికారి. విముక్తి పార్కుకు చిరునామా ఆయన పేరు మీద! 2017లో గానీ ఆ వీధి ఎమాన్సిపేషన్ ఎవెన్యూ కాలేదు. పార్కును బాగుచేసి మళ్లీ తెరిచింది కూడా అదే ఏడాది.

జూన్ 19న అక్కడికి వెళ్తే మన తిరనాళ్లూ ఆగస్టు పదిహేనూ ఒకేచోట జరుగుతున్నట్టు ఉంటుంది. పొద్దుటి నుంచే కుటుంబాలు మడత కుర్చీలు వేసుకుని చెట్ల నీడ పట్టుకుంటాయి. ఓ పక్క మాంసం కాలుతున్న పొగ, ఓ పక్క పుచ్చకాయ ముక్కలు, ఎర్ర సోడాలు. తినేదీ తాగేదీ ఎరుపు ఎందుకంటే, చిందిన రక్తానికి గుర్తు అంటారు. చర్చి పాటలు, బ్లూస్, డప్పుల మోత. పిల్లలు నీళ్లలో ఆడుకుంటుంటే, తాతలు వాళ్లను పిలిచి ఈ నేల ఎవరు కొన్నారో చెబుతారు. 1980 నుంచి టెక్సాస్‌లో ఇది సెలవు రోజు. 2021లో దేశమంతటికీ జాతీయ సెలవు అయింది.

ఆ పార్కు ఉన్న పేటను థర్డ్ వార్డ్ అంటారు. టెక్సాస్ సదరన్ యూనివర్సిటీ కూడా అక్కడే ఉంది. 1960 మార్చి 4న ఆ యూనివర్సిటీ విద్యార్థులు పదముగ్గురు నడుచుకుంటూ వెళ్లి, తెల్లవాళ్లకే తిండి పెట్టే ఒక దుకాణం కౌంటర్ ముందు కూర్చున్నారు. వాళ్లకు ఎవరూ ఏమీ వడ్డించలేదు. అయినా లేవలేదు. ఆ ఏడాది ఆగస్టు కల్లా ఊళ్లోని అలాంటి కౌంటర్లలో చాలావాటిలో నల్లవాళ్లకూ చోటు దొరికింది. ఆ విద్యార్థుల వయసు, ఈ బడి నుంచి బయటికెళ్లి కాలేజీలో చేరిన నాటి మన వయసే.

ఇదంతా మనకెందుకు అంటారా? 1946 నాటి చట్టం ప్రకారం మన దేశం నుంచి ఏడాదికి వంద మందికే అమెరికా వలస వీసాలిచ్చేది. 1965లో ఆ కోటా పద్ధతి పోయింది. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటు హక్కు చట్టం, అదే ఏడాది కొత్త వలస చట్టం వరసగా వచ్చాయి. పుట్టిన జాతిని బట్టి మనిషిని వెనక్కి నెట్టకూడదని వీధుల్లో దెబ్బలు తిని ఒప్పించింది నల్లజాతి ప్రజలు. ఆ గాలికే మనకు తలుపు తెరుచుకుంది. ఈ హాల్లో అమెరికాలో పిల్లలున్న తల్లిదండ్రులు సగం మందైనా ఉంటారు. ఆ బాకీ మన అందరిదీ.

మరి మనవాళ్లు ఊళ్లో దిగీ దిగగానే వినే మొదటి సలహా ఏమిటో తెలుసా? "ఆ పేట వైపు వెళ్లకండి" అని. నల్లవాళ్ల గురించి మనలో మనం వాడే మాట గురువుల ముందు పలకలేను. మన తరంలో చాలామంది సహవాసి తెలుగు చేసిన 'ఏడు తరాలు' చదివి కన్నీళ్లు పెట్టుకున్నవాళ్లమే. కుంటా కింటే కోసం ఏడ్చినవాళ్లం, అతని మునిమనవలు పక్కింట్లోకి దిగితే మొహం తిప్పుకుంటే ఎలా?

ఒక జూన్‌టీంత్ నాడు ఆ పార్కులో ఓ పెద్దావిడ నన్ను పలకరించింది. "మీ ముత్తాతది ఏ ఊరు?" అని అడిగింది. ఊరి పేరు చెప్పాను. ఆయన పేరూ చెప్పాను. ఆవిడ నవ్వి, "అదృష్టవంతుడివి. మా పేర్లు 1870 దగ్గర ఆగిపోతాయి" అంది. 1870 జనాభా లెక్కల్లోనే బానిసత్వం నుంచి బయటపడ్డవాళ్లను మొదటిసారి పేరు పెట్టి రాశారట. అంతకుముందు లెక్కల్లో యజమాని పేరు కింద వయసు, ఆడా మగా, ఒంటి రంగు. అంతే, పేరుండదు. అందుకే ఆవిడ ఏటా వస్తుందట. కాగితం మీద పేరు లేని వాళ్లందరినీ తలుచుకోవడానికి.

ఆ మాట విన్నప్పుడు నాకు మన బడి అడ్మిషన్ రిజిస్టరు గుర్తొచ్చింది. మనలో ఎంతమంది ఇళ్లలో మొట్టమొదట కాగితానికెక్కిన పేరు ఆ రిజిస్టరులోదే! అమ్మకు మన పుట్టినరోజు తెలియకపోతే హెడ్మాస్టరుగారు జూన్‌లో ఒక తేదీ వేసి రాసిన పుస్తకం అది. కూలి చేసే తండ్రి వేలిముద్ర పక్కన కొడుకు పేరు రాసిన పుస్తకం. నిన్న ఆఫీసు గదిలో అడిగి చూశాను. తొలి ఏళ్ల రిజిస్టర్లకు చెదలు పట్టాయి. అంచులు ముట్టుకుంటే రాలిపోతున్నాయి.

స్వర్ణోత్సవ నిధితో ముఖద్వారం కట్టాలని సంఘం ఆలోచిస్తోందని విన్నాను. కట్టండి, కాదనను. కానీ దానికంటే ముందు ఆ రిజిస్టర్లను పేజీ పేజీ స్కాన్ చేయించి, ఒక గదిలో అందరికీ కనిపించేలా పెడదాం. ఆ ఖర్చు మా బ్యాచ్ పెట్టుకుంటుంది. రాత్రి మిత్రులందరినీ అడిగే ఈ మాట చెబుతున్నాను.

ఇక అమెరికాలో పిల్లలున్నవాళ్లకు ఒక మనవి. ఈసారి జూన్‌లో మీరు అక్కడుంటే, మనవళ్లను షాపింగ్ మాల్‌కు కాకుండా వాళ్ల ఊళ్లో జరిగే జూన్‌టీంత్‌కు తీసుకెళ్లండి. పలకరించండి, వాళ్లు పెట్టింది తినండి, వాళ్ల పెద్దల కథ అడగండి. మీ కథ కూడా వాళ్లు అడుగుతారు. అప్పుడు మన బడి గురించి చెప్పండి.