చాక్లెట్‌కు ఏ గ్రైండరు?
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పెన్షను సంగతులు పెద్దలు మాట్లాడారు. కార్యదర్శిగారు నాకు పది నిమిషాలిచ్చి, ఇంట్లో చాక్లెట్ చేసుకోవడానికి ఏ గ్రైండరు కొనాలో చెప్పమన్నారు. నవ్వకండి. కొత్తపేట, రాజోలు, అమలాపురం చుట్టుపక్కల కొబ్బరి తోటల్లో కోకో చెట్లున్న సభ్యులు మనలో ఉన్నారు. దేశంలో కోకో పండించే రాష్ట్రాలలో మనదే మొదటి స్థానం. అయినా మన గింజ మన ఇంట్లోనే చాక్లెట్‌గా మారి మన నోటికి అందిన ఇళ్ళు ఎన్ని?

ఈ పని నాకు మా బావమరిది అప్పగించాడు. 2024లో ప్రపంచ మార్కెట్టులో కోకో ధర టన్నుకు పన్నెండు వేల డాలర్లు దాటింది. 2025లో పడిపోయింది, మన రాష్ట్రంలో రైతులు రోడ్డెక్కారు. ఆ రోజుల్లో ఆయన మా ఇంటికి వచ్చి, "బావగారూ, చెట్లు కొట్టించేద్దామనుకుంటున్నాను. ఇన్నేళ్ళు గింజలమ్మాను గాని వాటి రుచి ఎలా ఉంటుందో తెలియదు. కొట్టేముందు ఒక్కసారి తిని చూడాలి. మీరు జీవితమంతా కొటేషన్లు చూసినవారు, మిషను సంగతి మీరే చూడండి" అన్నాడు.

సరేనని సర్వీసులో నేర్చిన పద్ధతే పట్టుకున్నాను. ముందు పని ఏమిటో రాసుకోవాలి, తరువాతే ధరలు చూడాలి.

పని ఇది. కాయలోని గింజలను గుజ్జుతో సహా ఐదారు రోజులు పులియబెట్టి, ఎండబెట్టి, వేయించాలి. చిదిపి, చేటతో చెరిగితే పొట్టు పోయి పలుకులు మిగులుతాయి. ఆ పలుకుల్లో సగానికి సగం కొవ్వే. అందుకే రుబ్బేకొద్దీ నీళ్ళు పోయకుండానే జారుగా అవుతాయి. అయితే రేణువు ముప్పై మైక్రాన్లకు మించితే నాలుకకు ఇసుకలా తగులుతుంది. ఇరవై దరిదాపులకు రావాలి. మన తల వెంట్రుక మందం సుమారు డెబ్బై మైక్రాన్లు. దాన్నిబట్టి ఊహించుకోండి.

మొదటిది మిక్సీ. అందరి ఇంటా ఉన్నదే. కాని బ్లేడు నరుకుతుంది, నూరదు. గంటల తరబడి తిప్పితే మోటారు కాలుతుంది. పలుకులను ముందుగా ముద్ద చేసుకోవడానికి మాత్రం, ఆపి ఆపి తిప్పితే బాగా పనికివస్తుంది.

రెండవది ఇడ్లీ పిండి రుబ్బే వెట్ గ్రైండరు. అమెరికాలో ఇంట్లో చాక్లెట్ చేసుకునేవారు మొదట్లో పట్టుకున్నది మన దక్షిణాది గ్రైండర్లనే. సూత్రం అదే, రాతి మీద రాయి దొర్లడం. తేడా సమయంలో ఉంది. పిండికి అరగంటో ముప్పావుగంటో చాలు. చాక్లెట్‌కు కనీసం ఇరవైనాలుగు గంటలు, కొందరు రెండు మూడు రోజులు తిప్పుతారు. పిండి కోసం చేసిన మోటారు అంత సేపు ఓర్చుకోదు. పైగా నీటిచుక్క తగిలితే చాక్లెట్ గడ్డకడుతుంది, మినప్పిండి వాసన కూడా పట్టేస్తుంది. ఇంట్లో ఆడవాళ్ళు అడ్డుపడితే న్యాయమే.

మూడవది మెలాంజరు. చూపుకు అదే గ్రైండరు. కాని మోటారు రోజంతా ఆగకుండా తిరిగేందుకు చేసినది, రాళ్ళ ఒత్తిడి బిగించే మర ఉంటుంది, రాళ్ళను పట్టే భాగాలు వేడికి తట్టుకుంటాయి. చాక్లెట్‌కు ఇదే సరైనది.

దుకాణంలో ఈ ప్రశ్నలు అడగండి. ఆపకుండా ఎన్ని గంటలు తిప్పవచ్చు? ఆ మాట గ్యారంటీ కార్డు మీద రాసి ఇస్తారా? బెల్టు, రాళ్ళు విడిగా దొరుకుతాయా? డ్రమ్మును మన వయసువాళ్ళం ఎత్తగలమా? రాళ్ళ బరువు తక్కువేమీ కాదు, నడుము జాగ్రత్త. రాత్రంతా చప్పుడు చేస్తుంది కనుక పడకగదికి దూరంగా ఎక్కడ పెడతారో కూడా ముందే చూసుకోండి. ఇంటికి కిలో పట్టేది చాలు. పెద్దది కొని కొంచెమే వేస్తే రాళ్ళకు పట్టదు.

కరెంటు ఖర్చుకు భయపడనక్కరలేదు. రెండు వందల వాట్ల మోటారు రోజంతా తిరిగితే ఐదు యూనిట్లలోపే. భయపడవలసింది కరెంటు పోయినప్పుడు. ముద్ద చల్లారి రాళ్ళను బిగపట్టేస్తుంది. కరెంటు రాగానే స్విచ్చి వేయకండి. డ్రమ్మును వేడిగాలితో వెచ్చబెట్టి, ముద్ద కరిగాకే వేయండి.

మేము కొత్త రాళ్ళను ముందు పంచదార, నూనె వేసి తిప్పి, ఆ ముద్ద పారబోశాం. రాతిపొడి పోవడానికి అది తప్పదు. తరువాత ఏడు వందల గ్రాముల పలుకులను కొద్దికొద్దిగా వేసి, అవి జారయ్యాక మూడు వందల గ్రాముల పంచదార వేశాం. బెల్లంలో తేమ ఉంటుంది, పాలు అసలు పోయరాదు, కావాలంటే పాలపొడి. షుగరున్నవారు ముక్కతో ఆపాలని వేరే చెప్పనక్కరలేదు.

ముప్పై గంటల తరువాత మా బావమరిది ఒక ముక్క నోట్లో వేసుకుని చాలాసేపు మాట్లాడలేదు. కొంచెం పులుపు, కొంచెం చేదు, చివర పండు వాసన. "ఇది మన చెట్టుదేనా?" అన్నాడు. చెట్లు ఉంచడమా కొట్టడమా అన్నది ధర తేల్చవలసిన సంగతి, చాక్లెట్ తేల్చదు. కాని ఇప్పుడు తాను అమ్మేది ఏమిటో ఆయనకు తెలుసు. ఎన్ని రోజులు పులిస్తే పులుపు తగ్గుతుందో చూస్తున్నాడు.

2023లో హైదరాబాదులో ప్రారంభమైన మనం చాక్లెట్ వారు గోదావరి ప్రాంతపు కోకోతోనే పేరు తెచ్చుకున్నారు. మనం వ్యాపారం పెట్టనక్కరలేదు. గ్రాట్యుటీ డబ్బు కదిలించనూ వద్దు. తోటలున్న నాలుగు కుటుంబాలు కలిసి ఒక్క మెలాంజరు కొనుక్కోండి. మేము అలాగే కొన్నాం. నెలకు ఒక వారం ఒక్కో ఇంట ఉంటుంది. ఎవరి వంతు ఎప్పుడో రిజిస్టరు నేను రాస్తున్నాను, పాత అలవాటు కదా.