గర్భస్థ శిశువును తల్లి దేహము ఏల సహించును?

ఒకరి చర్మమును మరియొకరికి అతికించినచో అది కొలది వారములలోనే ఎండి రాలిపోవును. బిడ్డ చర్మమును కన్నతల్లికి అతికించినను అంతియే. దేహము తనది కానిదానిని కనిపెట్టి వెడలగొట్టును. అట్టి దేహమే, సగము తండ్రి లక్షణములు గల శిశువును తొమ్మిది నెలలు మోసి పెంచుచున్నది. శ్రోతలకు ఇది వింతగా తోచకపోవచ్చును. శాస్త్రజ్ఞులకు మాత్రము పెద్ద చిక్కు.

ఈ ప్రశ్నను 1953లో స్పష్టముగా లేవనెత్తినవాడు బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు పీటర్ మెడవార్. తల్లీబిడ్డల రక్తములు వేరుగా నుండుట, శిశువు లక్షణములు పరిపక్వము కాకుండుట, తల్లి రక్షణశక్తి మందగించుట అని ఆయన మూడు ఊహలు చెప్పెను. మొదటిదానిలో చాల నిజమున్నది. తక్కిన రెండును నిలువలేదు. రక్షణశక్తియే నిద్రించినచో గర్భిణి చిన్న జ్వరమునకైన తట్టుకొనగలదా?

మర్మమంతయు మావిలో నున్నది. దాని అధికభాగము తల్లిది కాదు, శిశువుదే. తల్లి రక్తములో మునిగియుండు దాని పైపొర, ఇతర కణములు ధరించు గుర్తింపు చిహ్నములను ధరింపదు. గర్భాశయపు గోడలోనికి చొచ్చుకొనిపోవు కణములు హెచ్.ఎల్.ఎ.-జి అను అరుదైన చిహ్నమును చూపి తల్లి రక్షక కణములను శాంతింపజేయును. అచ్చటనే సంహార కణములని పేరొందిన తల్లి కణములు గుంపులుగా చేరును. చేయునది మాత్రము సంహారము కాదు. శిశువునకు రక్తము చేరు నాళములను వెడల్పు చేయుటకు తోడ్పడును. పేరు పెట్టినవారు తొందరపడిరి!

అయినను తల్లి దేహము గ్రుడ్డిది కాదు. ఆర్‌హెచ్ నెగెటివ్ రక్తము గల తల్లికి పాజిటివ్ బిడ్డ కలిగినచో, ప్రసవసమయమున బిడ్డ రక్తము కొంత తల్లి రక్తములో కలియవచ్చును. ఆమె దేహము దానికి విరుగుడుగా ప్రతిరక్షకములను తయారుచేసికొనును. మొదటి బిడ్డకు సాధారణముగా ఆపద లేదు. మరుసటి గర్భమున అవి మావిని దాటి, పాజిటివ్ శిశువు ఎర్రకణములను నాశనము చేయును. బిడ్డ తీవ్రమైన కామెర్లతో పుట్టవచ్చును, గర్భమందే మరణింపవచ్చును. ఇట్లు బిడ్డలను పోగొట్టుకొన్న ఎందరు తల్లులు మృతవత్సలను నింద మోసిరో! దోషము జాతకమున లేదు, రక్తమున నున్నది.

1968లో అమెరికాలో దీనిని నివారించు యాంటీ-డి సూదిమందునకు అనుమతి లభించెను. నెగెటివ్ గర్భిణికి సాధారణముగా 28వ వారమునను, పాజిటివ్ బిడ్డ పుట్టిన 72 గంటలలోపలను దీనిని ఇత్తురు. గర్భస్రావమైనను అవసరము కావచ్చును. ప్రతిరక్షకములు ఒకసారి పుట్టిన పిమ్మట ఈ మందు పనిచేయదు. కావున మొదటి గర్భముననే రక్తపు గ్రూపు పరీక్ష చేయించుకొనవలెను.