యూసుఫ్ (అలైహిస్సలాం) తన కలను ఎవరికి చెప్పుకున్నారు?



 

దివ్య ఖుర్ఆన్‌లోని 12వ సూరహ్‌లో హజ్రత్ యూసుఫ్ (అ) గాథ ఎక్కడ మొదలవుతుందో గమనించారా? బావి దగ్గర కాదు, ఈజిప్టు సంతలో కాదు, చెరసాలలో కాదు. ఒక తండ్రి, ఒక కొడుకు మాట్లాడుకునే చోట మొదలవుతుంది. పసివాడైన యూసుఫ్‌కు వింత కల వచ్చింది. పదకొండు నక్షత్రాలు, సూర్యుడు, చంద్రుడు తన ముందు సాష్టాంగపడ్డట్టు కనిపించాయి. ఆ బిడ్డ నేరుగా తండ్రి దగ్గరకు వెళ్లాడు. యాఖూబ్ (అ) ఆ మాటను కొట్టిపారేయలేదు, పనిలో ఉన్నానని పంపివేయలేదు. ‘యా బునయ్య’ అని పిలిచారు. అరబీ వ్యాకరణం చదివినవారికి తెలుసు, అది ‘ఇబ్న్’ అనే పదానికి తస్గీర్ రూపం, ముద్దుచేసి పిలిచే పిలుపు. మన తెలుగులో ‘నా చిన్ని తండ్రీ’ అన్నంత మెత్తని మాట. అలా పిలిచిన తరువాతే, ఈ కల సంగతి అన్నలకు చెప్పవద్దని హెచ్చరించారు. అన్ని విషయాలూ అందరికీ చెప్పుకోరాదనీ, అయితే తండ్రికి మాత్రం చెప్పుకోవచ్చనీ ఆ బిడ్డ ఒకే కూర్చులో నేర్చుకున్నాడు.

ఆ తరువాత జరిగింది మీకు తెలిసినదే. ఆటలాడుకోవడానికి తమ్ముణ్ణి మాతో పంపమని అన్నలు అడిగారు. తండ్రి తన భయాన్ని దాచుకోలేదు. మీరు ఏమరుపాటున ఉండగా తోడేలు తినివేస్తుందేమోనని అన్నారు. కానీ తోడేలు రానే లేదు. తండ్రి భయపడిన దిక్కు వేరు, ప్రమాదం వచ్చిన దిక్కు వేరు. శ్రేయోభిలాషులమని చెప్పుకుంటూ చేయి పట్టుకుని తీసుకువెళ్లినవారే ఆ బిడ్డను బావిలో పడవేశారు.

సోదరులారా! ఈనాడు మన పిల్లల చేతిలోని సెల్‌ఫోను గురించి ఆలోచించినప్పుడల్లా నాకు ఈ ఘట్టమే గుర్తుకు వస్తుంది. 2020లో కరోనా కాలాన పాఠశాలలు మూతపడి, పాఠాలన్నీ ఫోనులోకి వచ్చాయి. అప్పటిదాకా ఫోను ముట్టనివ్వని ఇళ్లలోనూ అప్పుచేసి కొనిచ్చారు. పాఠశాలలు మళ్లీ తెరిచారు, ఫోను మాత్రం పిల్లల చేతిలోనే ఉండిపోయింది. దానిని పూర్తిగా హరామ్ అని మింబర్‌పై నుండి ప్రకటించేవాడిని కాను నేను. కువైట్‌లోనో, సౌదీలోనో పనిచేసే తండ్రి ముఖాన్ని బిడ్డ చూడగలిగేది ఆ ఫోనులోనే. నా మనుమడు తజ్వీద్ పాఠం నేర్చుకుంటున్నదీ దానిలోనే. కాబట్టి ఫోను ఉండాలా వద్దా అన్నది కాదు నా ప్రశ్న. ఫోనులో ఏదైనా జరగరానిది జరిగినప్పుడు మీ బిడ్డ మొదట ఎవరి దగ్గరకు వస్తాడు? ఇదే నా ప్రశ్న.

ఇది అడగడానికి ముందు నా తప్పు ఒకటి మీ ముందు ఒప్పుకోవాలి. ఆ కుటుంబం అనుమతితోనే చెబుతున్నాను, గుర్తుపట్టే వివరాలు చెప్పడం లేదు. కొన్నేళ్ల కిందట, నేను వేరొక పట్టణంలో ఇమామ్‌గా ఉన్నప్పుడు, మగ్రిబ్ నమాజు తరువాత పదిహేనేళ్ల బాలుడొకడు వుజూఖానా దగ్గర నిలబడి ఉన్నాడు. “హజ్రత్, ఒకడు సిగ్గుమాలిన పని చేసి, అది నలుగురికీ తెలిసిపోతే, అల్లాహ్ వాణ్ణి క్షమిస్తాడా?” అని అడిగాడు. తౌబా షరతులు వివరించాను. చేసినదానికి పశ్చాత్తాపపడాలి, దానిని విడిచిపెట్టాలి, మళ్లీ చేయనని నిశ్చయించుకోవాలి అన్నాను. మసలా సరిగానే చెప్పాను. కానీ “ఏమైంది బాబూ?” అన్న చిన్న మాట నా నోటి నుండి రాలేదు. అతడు సలాం చేసి వెళ్లిపోయాడు.

పది పన్నెండు రోజుల తరువాత అతని తల్లి ఏడుస్తూ వచ్చింది. బీరువాలోని ఆమె కమ్మలు కనిపించలేదు. వాటిని తాకట్టు పెట్టినవాడు కొడుకే. ఫోనులో ఆట ఆడుతుండగా ఎవరో అమ్మాయి పేరుతో స్నేహం కలిపారు. ఆట లోపలి మాటలు వాట్సాప్‌కు మారాయి, అక్కడి నుండి వీడియో కాల్‌కు వచ్చాయి. ఆ కాల్‌ను అవతలివారు రికార్డు చేశారు. డబ్బు పంపకపోతే నీ బంధువులందరికీ, నీ తరగతి గ్రూపుకూ పంపిస్తామన్నారు. మొదట 2,000 అడిగారు. అది ముట్టగానే 5,000 అన్నారు. అది కూడా ముట్టాక కమ్మల వంతు వచ్చింది. బతకాలని కూడా అనిపించలేదని ఆ బిడ్డ తల్లితో అన్నాడట. నాకెందుకు చెప్పలేదురా అని ఆమె అడిగితే వాడు చెప్పిన జవాబు ఇది: “అబ్బాకు తెలిస్తే చంపేస్తాడనుకున్నాను అమ్మీ.”

ఆ మోసగాడికి ఆ ఇంటి చిరునామా కూడా తెలియదు. అయినా ఆ ఇంట్లో తండ్రి పట్ల ఉన్న భయాన్ని అతడు పెట్టుబడిగా వాడుకున్నాడు. బెదిరించేవాని బలమంతా ‘మీ ఇంట్లో చెబుతాను’ అన్న మాటలోనే ఉంది. ఇంట్లో ముందే తెలిసి ఉంటే ఆ బెదిరింపుకు విలువ ఏముంది?

ఆడపిల్లల విషయంలో ఈ భయం రెట్టింపు. ఎవడో ఒక ఆకతాయి మన అమ్మాయి ఫోటోను మార్చి అసభ్యంగా తయారుచేశాడనుకోండి. నేడు ఆ పనికి పెద్ద నేర్పు కూడా అక్కరలేదు, నిఖా ఫోటోలోని ముఖం చాలు. ఆ సంగతి ఇంట్లో చెబితే ఏమవుతుంది? ఫోను లాక్కుంటారు, కాలేజీ మాన్పిస్తారు, తొందరపడి ఏదో ఒక సంబంధం చూస్తారు. నేరం చేసినవాడు వీధిలో తిరుగుతాడు, శిక్ష మాత్రం అమ్మాయికి పడుతుంది. ఇది తెలిసిన ఏ అమ్మాయి నోరు విప్పుతుంది? దీనిని మనం గౌరవ రక్షణ అనుకుంటున్నాము. ఇస్లాం దృష్టిలో ఇది జుల్మ్.

దైవప్రవక్త (స) సన్నిధికి ఒక యువకుడు వచ్చిన ఉదంతాన్ని హజ్రత్ అబూ ఉమామా (రజియల్లాహు అన్హు) తెలిపారు. ఇమామ్ అహ్మద్ గారి ముస్నద్‌లో అది ఉన్నది. ఆ యువకుడు అడిగినది సామాన్యమైన విషయం కాదు. తనకు వ్యభిచారానికి అనుమతి ఇవ్వమన్నాడు! అక్కడున్నవారు అతణ్ణి కసురుకున్నారు. ప్రవక్త (స) మాత్రం దగ్గరకు రమ్మని పిలిచి కూర్చోబెట్టుకున్నారు. నీ తల్లి విషయంలో ఎవరైనా ఇలా చేస్తే ఇష్టపడతావా, కుమార్తె విషయంలో, సోదరి విషయంలో, మేనత్త, పినతల్లి విషయంలో ఇష్టపడతావా అని ఒక్కొక్కటిగా అడిగారు. అతడు ప్రతిసారీ లేదన్నాడు. చివరికి అతనిపై తమ చేయి ఉంచి, అతని పాపం కొరకు, హృదయ పరిశుద్ధత కొరకు, శీల రక్షణ కొరకు దుఆ చేశారు. ఆ తరువాత అతని మనసు అటువైపు మళ్లలేదు. మనం సాధారణంగా ఈ హదీసులో ప్రవక్త (స) వారి జవాబును చెప్పుకుంటాము. ఆ ప్రశ్నను ఆ సభలో అడగగలిగిన ధైర్యం ఆ యువకునికి ఎక్కడి నుండి వచ్చిందో కూడా ఆలోచించండి. వుజూఖానా దగ్గర నిలబడిన బాలుణ్ణి తలచుకుంటే నాకు సిగ్గు కలుగుతుంది.

ఇక పర్యవేక్షణ సంగతి. ప్రతి ఒక్కరూ కాపరులేననీ, తమ అధీనంలో ఉన్నవారిని గురించి ప్రశ్నించబడతారనీ బుఖారీ, ముస్లిం గ్రంథాలలోని ప్రసిద్ధ హదీసు తెలుపుతోంది. మరోవైపు సూరహ్ హుజురాత్ (49:12) ఇతరుల గుట్టు కూపీ లాగవద్దని వారించింది. ఈ రెంటినీ ఎలా సమన్వయించాలని కొందరు తండ్రులు నన్ను అడుగుతుంటారు. నాకు అర్థమైనంతలో చెబుతాను. కాపరి పగటివేళ, మంద కళ్లముందే నిలబడి కాపలా కాస్తాడు. బిడ్డకు తెలిసేలా, ముందే చెప్పి, కలిసి కూర్చుని చూసేది పర్యవేక్షణ. నిద్రపోతుండగా వేలిముద్రతో ఫోను తెరిచి చదివేది వేరు. పదేళ్ల లోపు బిడ్డకు సొంత ఫోను అక్కరలేదు. పెద్దల ఫోనులో, పెద్దల పక్కన కూర్చుని చూస్తే చాలు. ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్ వంటివి తమ నిబంధనలలోనే 13 ఏళ్ల వయసును కనీస పరిమితిగా పెట్టుకున్నాయి. అబద్ధపు పుట్టినతేదీతో ఖాతా తెరిచి ఇచ్చే తల్లిదండ్రులు బిడ్డకు మొదటి అబద్ధాన్ని తామే నేర్పుతున్నారని గ్రహించాలి. గూగుల్ వారి ఫ్యామిలీ లింక్‌తో ఏ యాప్ దించుకోవాలన్నా మీ అనుమతి కావాలనే ఏర్పాటు చేసుకోవచ్చు. అది మీకు చేతకాకపోతే మన మస్జిదులోనే ఇంజినీరింగ్ చదివే కుర్రవాళ్లు ఉన్నారు, అడగండి, నామోషీ పడకండి. కానీ ఏ తాళమూ తండ్రి ఒడికి బదులు కాదు.

రాత్రుల గురించి ఒక మాట. సూరహ్ నూర్ (24:58)లో అల్లాహ్ మూడు వేళలను ఏకాంత సమయాలుగా పేర్కొన్నాడు: ఫజ్ర్‌కు ముందు, మధ్యాహ్న విశ్రాంతి వేళ, ఇషా తరువాత. ఆ వేళల్లో ఇంట్లోని చిన్నపిల్లలు సైతం అనుమతి అడిగే గదిలోకి రావాలి. మనం ఇంట్లో పుట్టిన బిడ్డను గుమ్మం దగ్గర ఆపుతున్నాము, ఊరూపేరూ తెలియనివాణ్ణి కెమెరాతో సహా బిడ్డ దుప్పటిలోకి పంపుతున్నాము. ఇది ఫుఖహాల ఖియాస్ అని చెప్పడం లేదు, ఒక పెద్దవాడి సలహాగా తీసుకోండి. ఇషా తరువాత ఇంట్లోని ఫోన్లన్నీ ముందు గదిలో ఒకే చోట ఛార్జింగ్‌కు పెట్టండి. అన్నీ అంటే తండ్రి ఫోను కూడా. చూపును అదుపులో ఉంచుకోవాలన్న ఆదేశం అదే సూరహ్‌లో (24:30) ముందుగా పురుషులకే వచ్చింది. అర్ధరాత్రి దాకా తాను ఏమి చూస్తున్నాడో చెప్పలేని తండ్రి కొడుకును ఏ ముఖంతో అడుగుతాడు?

అంతా జాగ్రత్తగా ఉన్నా ఆపద రావచ్చు. వచ్చిననాడు మొదటి పని, చెయ్యి ఎత్తకపోవడం. “చెప్పి మంచిపని చేశావు, ఇక ఇది నా బాధ్యత” అనండి. డబ్బు పంపకండి, పంపిన ప్రతిసారీ అడిగేది పెరుగుతుంది. భయంతో సంభాషణలు చెరిపివేయకండి. అవతలి ఖాతా పేరు, నంబరు, బెదిరింపు సందేశాలు, డబ్బు పంపిన వివరాలు భద్రపరచి, తరువాత ఆ ఖాతాను బ్లాక్ చేయండి. బిడ్డ చిత్రాన్ని మాత్రం సలహా కోసమని కూడా బంధువులకు పంపరాదు, ఐటీ చట్టం 67బి సెక్షన్ ప్రకారం అది నేరం. డబ్బు పోయి ఉంటే 1930 నంబరుకు ఆ గంటలోనే ఫోను చేయండి. పిల్లలకు ఏ ఆపద వచ్చినా 1098 రాత్రింబవళ్లు పనిచేస్తుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో స్త్రీలు, పిల్లలపై జరిగే నేరాలను పేరు చెప్పకుండా కూడా తెలియజేయవచ్చు. ‘టేక్ ఇట్ డౌన్’ అనే ఉచిత సేవ ఒకటి ఉన్నది. 18 ఏళ్లలోపు తీసిన అటువంటి చిత్రం ఫోను దాటి బయటకు వెళ్లకుండానే, దాని గుర్తును మాత్రం తీసుకుని, ఆ సేవలో చేరిన సంస్థల వేదికలపై అది వ్యాపించకుండా చూస్తుంది.

పోలీసు స్టేషన్ అనగానే పరువు గుర్తుకు వస్తుంది. 2012 నాటి పోక్సో చట్టం ఏమంటున్నదో తెలుసుకోండి. బిడ్డ వాంగ్మూలాన్ని ఇంటి దగ్గరే లేదా బిడ్డ కోరిన చోట తీసుకోవాలి. తీసుకునే అధికారి యూనిఫారంలో ఉండరాదు. బిడ్డ పేరు, చిరునామా, ఫోటో పత్రికలలో రారాదు. రాత్రివేళ బిడ్డను స్టేషన్‌లో ఉంచరాదు.

మస్జిదు కమిటీ పెద్దలకు ప్రత్యేకంగా విన్నవిస్తున్నాను. బిడ్డపై లైంగిక నేరం జరిగిందని తెలిసినప్పుడు, చేసినవాడు మన జమాఅతువాడే అయినా, దగ్గరి బంధువే అయినా, కూర్చోబెట్టి రాజీ కుదర్చడం మన పని కాదు. తెలిసీ అధికారులకు తెలుపకపోవడం అదే చట్టం ప్రకారం శిక్షార్హం. ధర్మం దృష్ట్యానైతే పీడితుణ్ణి వదిలి పీడకుని వైపు నిలబడటమే అవుతుంది. యూసుఫ్ (అ) అన్నలు తెచ్చిన నెత్తుటి చొక్కాను చూసి యాఖూబ్ (అ) వారి కథను నమ్మలేదన్న సంగతి మరువకండి.

ఆ బాలుడు ఇప్పుడు డిగ్రీ చదువుతున్నాడు. ఫిర్యాదు చేసిన తరువాత ఆ బెదిరింపులు ఆగిపోయాయి, పోయిన డబ్బు మాత్రం తిరిగి రాలేదు. తండ్రి సెలవు పెట్టి వచ్చినప్పుడు ఏమి చేస్తాడోనని మేమంతా భయపడ్డాము. ఆయన కొడుకును పక్కన పడుకోబెట్టుకుని తెల్లవార్లూ మాట్లాడాడట.

ప్రతి ఆదివారం అస్ర్ నుండి మగ్రిబ్ వరకు నేను వరండాలో కూర్చుంటాను. ఏ బిడ్డయినా, ఏ తల్లిదండ్రులైనా రావచ్చు. పరదా పాటించేవారి కొరకు మా ఇంటి తలుపు తెరిచే ఉంటుంది, నా భార్య వింటుంది. ఈసారి మసలా చెప్పడానికి ముందు ఏమైందని అడుగుతాను, ఇన్షా అల్లాహ్.

అల్లాహ్ మన బిడ్డలను కనిపించే కీడు నుండీ, కనిపించని కీడు నుండీ కాపాడుగాక! నా కొరకూ, మీ కొరకూ, సమస్త ముస్లింల కొరకూ ఆయన క్షమాభిక్షను వేడుకుంటున్నాను. ఆమీన్.