దవా, దువా: మనోవ్యాధి చికిత్సలో ఇస్లామిక విశ్వాసం

ముస్లిం సమాజంలో మనోవ్యాధి ప్రస్తావన రాగానే జిన్ను, చేతబడి, తావీజు అనే మాటలే ముందుకు వస్తాయి. అయితే మతి తప్పినవారికి నమాజు, రోజా (ఉపవాసం) వంటి విధుల బాధ్యత లేదని తీర్మానించి, జబ్బు చేసినవారు మందు పుచ్చుకోవాలన్న ప్రవక్త ఆదేశాన్ని తరతరాలుగా బోధించినదీ ఆ మతసంప్రదాయమే.

నేటి అఫ్గానిస్తాన్‌లోని బల్ఖ్ ప్రాంతంలో పుట్టి 934లో మరణించిన అబూ జైద్ అల్-బల్ఖీ, దేహక్షేమాన్నీ మనఃక్షేమాన్నీ ఒకే గ్రంథంలో చర్చించి, ఒకటి నలిగితే రెండవదీ నలుగుతుందని వాదించి, దేహానికే పరిమితమైన నాటి వైద్యులను తప్పుపట్టారు. దుఃఖాన్ని ఆయన రెండుగా విడదీశారు: ఆప్తుల మరణం వంటి తెలిసిన కారణం గలది ఒకటి, ఏ కారణమూ కనిపించకుండానే మనిషిని కుంగదీసేది మరొకటి; ఈ రెండవదానికి మూలం రక్తదోషమని భావించి దేహచికిత్సనూ సూచించారు. ఆ వివరణ నేడు నిలవదు గాని, కారణం కనపడని దుఃఖాన్ని విశ్వాసలోపం కింద జమకట్టకపోవడం గమనించదగినది.

విశ్వాసం చికిత్సకు ఎంత దగ్గరగా రాగలదో వస్వాస్ విషయంలో తెలుస్తుంది. వస్వాస్ అంటే మనసులో గుసగుసలాడే అనుమానం. నమాజుకు ముందు ముఖం, చేతులు, పాదాలు కడుక్కునే వజూ సరిగా అయిందో లేదోనన్న శంకతో కొళాయి దగ్గరే గంటలు గడిపేవారిలో, లెక్క తప్పిందేమోనని నమాజును మళ్లీ మళ్లీ మొదలుపెట్టేవారిలో, అది నేటి వైద్యులు ఓసీడీ అనే జబ్బుగా ముదురుతుంది. నిశ్చయాన్ని అనుమానం చెరపజాలదన్నది ఇస్లామిక ధర్మశాస్త్రంలో మూలసూత్రం కాబట్టి, శంకను లెక్కచేయక ముందుకు సాగమని ఫకీహ్‌లు, అనగా ధర్మశాస్త్రవేత్తలు, చెబుతూ వచ్చారు. కడగాలన్న తహతహకు లొంగకుండా ఉండడాన్ని క్రమంగా అలవరచే ఆధునిక చికిత్స కూడా ఈ దారినే నడుస్తుంది. మూడుసార్లకు మించి కడగనక్కరలేదని డాక్టరు చెబితే నమ్మని రోగి, ఆ మాటే ఆలిమ్, అనగా మతపండితుడి, నోట విన్నప్పుడు కుదుటపడవచ్చు. ఇంకొంచెం భక్తి పెంచుకొమ్మన్న సలహా మాత్రం ఇటువంటి రోగికి విషమే.

రంజాన్ ఉపవాసం మరింత మెలకువ కోరే సంగతి. బైపోలార్ జబ్బుకు వాడే లిథియం, ఒంట్లో నీరు తగ్గినప్పుడు రక్తంలో పేరుకొని ప్రాణం మీదికి తేగలదు. రోగికి ఉపవాసం నుంచి మినహాయింపును ఖురానే రెండవ అధ్యాయంలో ఇచ్చినందున, రోజా ఉండాలా మానాలా అన్నది రోగి, వైద్యుడు, ఇమామ్ నెల ముందే మాట్లాడుకోవడం మంచిది. మందును సొంతంగా ఆపడం ప్రమాదకరం.

ఈ ఎరుక లేనిచోట ఏమవుతుందో, 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడి దర్గా చుట్టూ వెలసిన ఆశ్రయాలలో ఒకదానికి నిప్పంటుకొని, గొలుసులతో కట్టి ఉంచిన మనోరోగులు 28 మంది మరణించినప్పుడు దేశం చూసింది. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది గాని, దర్గాకు వెళ్లే కుటుంబాన్ని ఏ చట్టమూ ఆపలేదు, ఆపనవసరమూ లేదు. గుజరాత్‌లోని ఉనావా గ్రామంలో మీరా దాతార్ దర్గా ముజావర్లు (దర్గా సేవకులు), వైద్యులు చేతులు కలిపిన 'దవా-దువా' (మందు-ప్రార్థన) ఏర్పాటు, మొక్కుకోవడానికి వచ్చిన రోగికి మాత్రలనూ అందుబాటులోకి తెచ్చింది. మతభేదం లేకుండా తెలుగు కుటుంబాలు మనోరోగులను వెంటబెట్టుకొని వచ్చే నెల్లూరు జిల్లా ఏ.ఎస్.పేట దర్గా వంటి చోట్ల సైకియాట్రిస్టుకు ఒక శాశ్వతమైన కుర్చీ ఉండేలా చూడవలసిన బాధ్యత ప్రభుత్వానిది, వక్ఫ్ బోర్డుది.