అమెరికాలో అమ్మాయి – లాయరు సలహా

(స్త్రీల కార్యక్రమంలో చేసిన ప్రసంగం)



అమెరికా సంబంధం అనగానే మనం అబ్బాయి చదువెంత, జీతమెంత, సొంత ఇల్లుందా అని అడుగుతాం. అమ్మాయి ఏ వీసా మీద వెళ్తుందని అడిగేవాళ్ళు తక్కువ. అడిగినా, "హెచ్-4 అండీ" అని అవతలివాళ్ళు అనగానే తల వూపి వూరుకుంటాం. కాని ఆ చిన్న మాట మీదే మన పిల్ల అక్కడ వుండగల హక్కంతా ఆధారపడి వుంటుంది. కష్టం వస్తే వలస చట్టాలు తెలిసిన లాయరు సహాయం ఎలా పొందాలో ఇవాళ మీతో ముచ్చటిస్తాను.

హెచ్-1బి వీసా మీద ఉద్యోగం చేసే భర్త వెంట వెళ్ళే భార్యకు ఇచ్చేది హెచ్-4. ఆయన ఉద్యోగం పోతే సాధారణంగా 60 రోజులకు మించి గడువుండదు, ఈమెకూ అంతే. విడాకులు మంజూరైతే ఆ హోదా అక్కడితో ఆఖరు. 2015 నుంచి కొందరు హెచ్-4 భార్యలకు ఉద్యోగం చేసుకునే వీలు వచ్చింది గాని, అది భర్త గ్రీన్ కార్డు పని కొంతవరకు సాగినవాళ్ళకే.

సంసారం సజావుగా సాగినంత కాలం ఇవేవీ గుర్తుకు రావు. కాని భర్త చెయ్యి చేసుకుంటే? పాస్‌పోర్టు దాచేసి, "నేనొక్క మాట చెబితే నిన్ను విమానం ఎక్కిస్తారు" అని బెదిరిస్తే? పిల్ల మనకి ఫోను చేస్తుంది. మనం "సర్దుకుపోవే తల్లీ, నలుగురికీ తెలిస్తే ఏం బాగుంటుంది" అంటాం. ఆ సర్దుబాట్లలోనే గడువులు దాటిపోతాయి. ఐ-94 అనే కాగితంలో వున్న తేదీ దాటి 180 రోజులకు మించి వుండిపోయి దేశం విడిచి వస్తే, మూడేళ్ళు మళ్ళీ రానివ్వరు. ఏడాది దాటితే పదేళ్ళు. చూడవలసింది ఆ తేదీని, పాస్‌పోర్టులోని వీసా మీద తేదీని కాదు.

ఒక్క మాట గట్టిగా చెప్పాలి. భార్యను దేశం నుంచి పంపించే అధికారం ఏ భర్తకూ లేదు. అది అధికారులూ, న్యాయమూర్తులూ తేల్చే విషయం.

దారులు కూడా వున్నాయి. భర్త అమెరికా పౌరుడో, గ్రీన్ కార్డు వున్నవాడో అయితే, హింసకు గురైన భార్య 1994 నాటి చట్టం కింద అతనికి తెలియకుండానే తన దరఖాస్తు తాను పెట్టుకోవచ్చు. భర్త హెచ్-1బి మీద వుంటే ఈ దారి లేదు. అప్పుడు, పోలీసులకు ఫిర్యాదు చేసి సహకరించిన బాధితులకిచ్చే యు వీసా వుంది. ఏటా 10,000 మాత్రమే ఇస్తారు కనుక ఏళ్ళ తరబడి వేచి వుండాలి. చదువుకునే పిల్లయితే విద్యార్థి వీసాకు మారడానికి ప్రయత్నించవచ్చు. ఎవరికి ఏది నప్పుతుందో లాయరే చెప్పాలి. విడాకుల కాగితాల మీద సంతకం పెట్టకముందే అడగాలి. తర్వాత అడిగితే సగం దారులు మూసుకుపోయి వుంటాయి.

మరి ఏ లాయరు? భర్త వీసా పని చూసిన కంపెనీ లాయరు మాత్రం కాదు. అమ్మాయికి వేరే మనిషి కావాలి. అక్కడ "నోటరీ" అని బోర్డు వుంటే లాయరనుకోకూడదు. సంతకాలకు సాక్ష్యం చెప్పడం వరకే ఆయన పని. లాయరుకు లైసెన్సు వుందో లేదో ఆ రాష్ట్రపు బార్ సంఘం వద్ద తెలుసుకోవచ్చు. వలస చట్టం దేశమంతటికీ ఒకటే కాబట్టి లాయరు వేరే రాష్ట్రంలో వున్నా ఫరవాలేదు. ఫీజెంత, అందులో ఏమేం పనులు కలుస్తాయో రాయించుకోవాలి. ఖాళీ ఫారం మీద సంతకం పెట్టకూడదు. పంపిన ప్రతి కాగితానికీ నకలు అడిగి తీసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం, లాయరు దగ్గర ఏదీ దాచకూడదు. చెప్పింది ఆయన గుట్టుగానే వుంచాలి. మాట్లాడేది మాత్రం భర్త చూడలేని ఫోను నుంచి.

డబ్బు లేదని ఆగిపోనక్కరలేదు. ప్రభుత్వ గుర్తింపు పొందిన సేవాసంస్థల ప్రతినిధులు తక్కువ ఖర్చుతో ఈ పనులు చేస్తారు. మన ప్రాంతాల స్త్రీల కోసం న్యూజెర్సీలో 1985లో "మానవి", న్యూయార్కులో 1989లో "సఖి" ఏర్పడ్డాయి. ఇక్కడ మనం జాతీయ మహిళా కమిషన్‌లోని ఎన్నారై విభాగానికి ఫిర్యాదు పంపవచ్చు.

ఇక మన వంతు. పిల్ల విమానం ఎక్కకముందే పెళ్ళి సర్టిఫికెట్టు, పాస్‌పోర్టు, వీసా, అబ్బాయి పనిచేసే కంపెనీ చిరునామా – అన్నిటి నకళ్ళూ మన బీరువాలో వుండాలి. వెళ్ళాక ఐ-94 నకలు కూడా తెప్పించుకోండి. నగల జాబితా రాసుకున్నంత శ్రద్ధగా ఇదీ రాసుకోండి. పిల్ల గొంతులో తేడా వినిపించిన రోజున "సర్దుకుపో" అనకండి. "నీ కాగితాలెక్కడున్నాయమ్మా? ఐ-94 తేదీ ఎప్పటిదాకా వుంది?" అని అడగండి. చేతులు కాలాక ఆకులు వెతుక్కునే అవస్థ మన పిల్లలకు రాకూడదు.